చేప చాటున బీరకాయ

సెలవులకు ఇంటికొచ్చిన పిల్లని గుమ్మంలో చూడగానే గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "చిక్కిపోయావేంటే!" అని. కాస్త నిండుగా కనిపిస్తే "ఒళ్ళు చేశావు" అంటారు. మొన్నమొన్నటి దాకా ఆ మాటలో మెచ్చుకోలే ఉండేది. ఇంట్లో గింజలున్నాయని, పాడి ఉందని, జబ్బూ జాడ్యం లేవని మనిషి ఒంటిని చూసి పోల్చుకునేవాళ్ళు.

ఇవాళ అదే సీమలో, ఏలూరులో, తాడేపల్లిగూడెంలో తెల్లారకముందే నడకకు బయల్దేరేవాళ్ళ మాటలన్నీ ఒళ్ళు తగ్గడం గురించే. వాళ్ళలో ఒక రకం మనిషికి కష్టం ఎక్కువ. నడవమంటే నడుస్తాడు, అన్నం తగ్గించమంటే నాలుగు రోజులైనా తగ్గిస్తాడు. కూరగాయలు తినమంటే మాత్రం ముద్ద గొంతు దిగదు. బీరకాయ జావలా ఉందంటాడు, కాకరకాయ చేదంటాడు, ఆనపకాయకు రుచే లేదంటాడు. కంచంలో నీసు ఉంటేనే అతనికి అన్నం సయిస్తుంది. ఇంట్లోవాళ్ళు అతన్ని మొండివాడంటారు. అది న్యాయం కాదు. అతని నాలుకను ఈ సీమ చరిత్ర తయారుచేసింది. అతనికి దారి చూపే వంట కూడా ఈ సీమలోనే పుట్టింది.

కథ ఆకలితో మొదలుపెట్టాలి. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువుకి జనం పెట్టుకున్న మరో పేరు డొక్కల కరువు. మనుషుల పక్కటెముకలు బయటికి కనపడిన కరువని ఆ పేరే చెబుతుంది. అలాంటి కరువును కళ్ళారా చూసిన తరాలు సన్నటి ఒంటిని అందంగా చూడలేవు. తర్వాత కాటన్ దొర వచ్చాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. మరో మూడేళ్ళకు బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట పడింది. రెండు నదులనూ కలుపుతూ ఏలూరు కాలువ పారింది. నీళ్ళతో పాటు వరి వచ్చింది. వరి వచ్చాక మిగతా పైర్లు చేను వదిలి గట్ల మీదికి పోయాయి. కంది గట్టెక్కింది. ఆనపపాదు పాక కప్పు మీదికి పాకింది. బీర, పొట్ల, దొండ పెరటి పందిరికి చేరాయి. కంద, పెండలం, బచ్చలి ఇంటి వెనక దిబ్బ మీద మిగిలాయి. డెల్టా చేలో కూరగాయకు చోటు ఉండేది కాదు. అది పెరట్లో ఆడవాళ్ళ చేతి మీద బతికింది.

కంచంలోనూ అదే వరస. కుప్పగా అన్నం, పక్కన ఇంత కూర.

ఆ అన్నం కథలో ఒక చేదు అధ్యాయం ఉంది. ఇంట్లో దంచుకున్నన్నాళ్ళూ బియ్యానికి తవుడు కొంతైనా అంటుకుని ఉండేది. మరమిల్లు దాన్ని నున్నగా తీసేసింది. ఏలూరు సర్కారుతో కూడిన ఉత్తర సర్కారులు బెరిబెరి జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనపడి మనుషులు పడిపోయే ఆ జబ్బు మీద జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేశాడు. కారణం మాత్రం అప్పట్లో ఎవరికీ తెలియదు. మిల్లులు వచ్చాక పచ్చిబియ్యాన్ని తెల్లగా పట్టించి తినే ఈ తీరంలో జబ్బు వదలకుండా ఉండిపోయింది. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళ జోలికి అంతగా పోలేదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన కేంద్రమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. తెలుగు తీరంలో తెల్లన్నం తినేవాళ్ళను పీడించిన జబ్బు మీద మొదలైన ఆలోచనే దేశానికంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థగా ఎదిగిందన్న మాట. బెరిబెరి పోయింది. తెల్లన్నం మీద మోజు పోలేదు.

ఇక కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీన్ని నింపుతాయి. ఉప్పుటేరు దీన్ని సముద్రానికి దింపుతుంది. ఐదో కాంటూరు దాకా లెక్కవేస్తే 308 చదరపు కిలోమీటర్లు. సరస్సు గర్భంలో 46 లంక గ్రామాలున్నాయి. వానాకాలంలో చుట్టూ నీళ్ళే. ఎండాకాలంలో నీరు లాగేసిన నేలలో దాళ్వా వరి వేసేవారు. లంక ఊళ్ళో ఇల్లు కట్టుకోవడానికే దిబ్బ పోయాలి. ఇక కూరతోటకు నేల ఎక్కడిది? చేపకు మాత్రం కొదవ లేదు. మావులనే బోనులు పెట్టి, వలలు వేసి, తాటిదోనెల మీద తిరిగి వడ్డి కులపు జాలర్లు పట్టిన మట్టగిడస, మార్పు, జెల్ల, గొరక వంటివాటిని ఇక్కడ నల్లజాతి చేపలంటారు. పెద్ద చేప బజారుకు పోయేది. పరిగెల వంటి చిన్న చేప ఇంటి కుండలో పడేది, ముళ్ళతో సహా నమిలి తినేవాళ్ళు. ఎక్కువైంది ఎండబెట్టి అటక మీద పెట్టుకునేవాళ్ళు.

అలాంటి చోట కూరగాయ కంచంలోకి ఎలా వచ్చింది? చేప చాటున వచ్చింది.

ఈ ప్రాంతపు నీసు వంటకాల పేర్లు ఒక్కసారి వరసగా అనుకుంటే విషయం తెలిసిపోతుంది. బీరకాయ రొయ్యలు. ఆనపకాయ రొయ్యలు. గోంగూర రొయ్యలు. చింతచిగురు చేపలు. మామిడికాయ చేపల పులుసు. వంకాయ ఎండుచేప. దోసకాయ ఎండురొయ్యలు. మునక్కాడ ఎండుచేప. ప్రతి పేరులోనూ కాయో ఆకో ముందు నిలబడింది, చేప వెనక నిలబడింది. దీన్ని కలగలుపు కూర అంటారు. 'కూర' అన్న మాట కూడా మొదట ఆకుదే. తోటకూర, పాలకూర, చుక్కకూర, బచ్చలికూర, పొనగంటికూర అనే పేర్లే అందుకు సాక్ష్యం. ఆ మాట మెల్లగా కాయకూ, మాంసానికీ పాకింది. 'కూర వండారా' అంటే 'కోడి కోశారా' అని అర్థమయ్యే ఆదివారాలు ఆ తర్వాత వచ్చాయి.

బీరకాయ రొయ్యలు ఎలా వండుతారో దగ్గరగా చూస్తే అందులోని తెలివి అర్థమవుతుంది. చిన్న రొయ్యలు పావుకిలో ఒలిచి, ఉప్పూ పసుపూ పట్టించి కడుగుతారు. ఉత్త మూకుట్లో వేసి సెగ పెడితే వాటి నీరు అవే విడుస్తాయి. ఆ నీరు ఇగిరేదాకా కదిపి పక్కన పెడతారు. తర్వాత రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక చెక్కు తీసి కోసిన బీరకాయ ముక్కలు కిలో పడతాయి. మూకుడు అంచు దాకా నిండుతుంది. ఒక్క చుక్క నీళ్ళు పోయరు. మూత పెడితే పది నిమిషాల్లో ఆ గుట్ట కాస్తా అడుక్కి దిగిపోతుంది. అందుకే అనుభవం ఉన్న చేయి ఉప్పు ముందే వేయదు. కాయ దిగాక చూసి వేస్తుంది, లేదంటే కూర కటిక ఉప్పవుతుంది. అప్పుడు రొయ్యలు కలిపి, చివర కొత్తిమీర. బీరకాయ జావతనాన్ని రొయ్య గట్టితనం కమ్మేస్తుంది. రొయ్య కమ్మదనం ప్రతి ముక్కలోకీ దిగుతుంది. కూరగాయలు సయించని పిల్లాడు ముందు రొయ్యలు ఏరుకుంటాడు. అవి అయిపోయాక మిగిలిన గుజ్జులో అన్నం కలుపుకుంటాడు. అతను తిన్నదంతా బీరకాయే.

ఈ వంట ఆరోగ్య సూత్రం చదివి పుట్టలేదు. లేమిలో పుట్టింది. చారెడు రొయ్యలు ఇంటిల్లిపాదికీ సరిపోవాలంటే కాయ కలపాలి. అయితే లెక్క చూస్తే ఒళ్ళు తగ్గాలనుకునే మనిషికి ఇంతకంటే అనువైన కూర దొరకదు. బీరకాయలో తొంభై పాళ్ళకు పైగా నీరే. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం వంద గ్రాముల శీలావతి చేపలో ఉండేది 97 కాలరీలు, మాంసకృత్తులు 16.6 గ్రాములు. కడుపు నిండుతుంది, బరువు పెరగదు. ఎండుచేప విషయంలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. వేడినీళ్ళలో నానబెట్టి రెండు మూడుసార్లు కడగకపోతే అందులోని ఉప్పు రక్తపోటు ఉన్నవాళ్ళకు మంచిది కాదు.

ఇంత మంచి వంట చేతిలో ఉంటే ఒళ్ళెందుకు పెరిగింది? చేతిలో డబ్బు ఆడాక మొదట వదిలేసింది ఆ కాయనే కనుక. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. ఆకలి భయం తీరింది, అది చిన్న మేలు కాదు. 1970లలో ప్రభుత్వం సహకార సంఘాల పేరున కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించింది. 1980ల తర్వాత ప్రైవేటు చెరువులు సరస్సును కమ్మేశాయి. శీలావతి, బొచ్చె లారీల్లో ఐసు నింపుకుని కోల్‌కతాకు, అస్సాంకు పోవడం మొదలైంది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చింది. పౌల్ట్రీ కోడి అంతకుముందే వచ్చేసింది. చారెడు రొయ్యల ఇంట్లోకి కిలో రొయ్యలు వచ్చాయి. రొయ్యల వేపుడు, కోడి వేపుడు, బిర్యానీ పీటకెక్కాయి. వేపుడులో బీరకాయకు పని లేదు. ముక్క పెరిగింది, కాయ తగ్గింది, నూనె రెట్టింపయింది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు పగలగొట్టారు. అయినా ముళ్ళతో నమిలి తినే చిన్న నల్లచేప ఇంటి కుండలోకి మునుపటిలా తిరిగి రాలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ముగ్గురు మహిళల్లో ఒకరికి మించి ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు.

బరువు పెరిగాక దాన్ని తగ్గించే పద్ధతులు వచ్చాయి. ఈ ముచ్చటలో తెలుగువాళ్ళు దేశానికే ముందు నడిచారన్న సంగతి చాలామందికి తెలియదు. జర్మనీలో లూయీ కూనే ప్రకృతి వైద్యం మీద రాసిన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. ఈ దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఆ తెలుగు అనువాదంతోనే మొదలైందని చరిత్రకారులు రాస్తారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాతవే. తొట్టిస్నానాలు, ఉపవాసాలు, ఉప్పూకారం లేని శాకాహారం. గాంధీజీ ఈ దారిని ఇష్టపడి 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచనలో ప్రకృతి చికిత్సాలయం పెట్టారు. మన పక్కనే భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి ఆశ్రమం నడిపారు. మన కాలంలో మంతెన సత్యనారాయణరాజు టీవీ ద్వారా ఇంటింటికీ వచ్చి, ఉప్పూ నూనే లేకుండా కూరగాయలు వండుకోమని చెప్పారు. ఉండవల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి వెళ్ళి బరువు తగ్గి వచ్చినవాళ్ళు ఈ జిల్లాల్లో వీధికొకరు కనిపిస్తారు. కానీ కూరగాయ పొడే గిట్టని మనిషికి ఉప్పు లేని కూరగాయ మరీ పెద్ద పరీక్ష. ఆశ్రమంలో ఉన్నన్నాళ్ళూ తింటాడు, ఇంటికి రాగానే చేపల పులుసు వాసనకు లొంగిపోతాడు.

అతనికోసమే అన్నట్టుగా పూర్తి ఎదురు పద్ధతి విజయవాడ నుంచి వచ్చింది. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార విధానం గోదావరి జిల్లాలను ఊపేసింది. అన్నం వద్దు, పప్పు వద్దు, పండు వద్దు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ బిళ్ళలు. మాంసం, గుడ్లు, చేపలు తినవచ్చు. కూరగాయలు సయించనివాళ్ళకు ఇది వరంలా కనిపించింది. ఊళ్ళలో కొబ్బరినూనె సీసాలు వంటింట్లోకి చేరాయి. బరువు తగ్గినవాళ్ళు ఉన్నారు. వైద్య వర్గాల నుంచి గట్టి అభ్యంతరాలూ వచ్చాయి. వంద గ్రాముల కొవ్వంటేనే 900 కాలరీలు. పైగా షుగరు మందులు వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు.

ఇదీ కొత్తదేం కాదు. 1862లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే 65 ఏళ్ళ అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి తన బూట్ల లేసులు తాను కట్టుకోలేనంత లావై వైద్యుణ్ణి అడిగితే, రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మానేసి మాంసం, చేప తినమన్నాడు. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ దాదాపు 20 కిలోలు తగ్గి ఆ సంగతి చిన్న పుస్తకంగా 1863లో అచ్చువేసి పంచాడు. స్వీడన్ భాషలో ఇప్పటికీ ఒళ్ళు తగ్గించుకోవడానికి 'బాంటా' అనే అంటారు. అతను కూడా బంగాళాదుంప తప్ప మిగతా కూరగాయలు మానలేదన్నది గుర్తుంచుకోవాలి.

బిళ్ళ ఉంది కదా, ఆకెందుకు అనేవాళ్ళకు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే జవాబు. ఆయన సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. ఆయన కూడా ఆ జబ్బు బారిన పడి బయటపడ్డారు. అమెరికాలో లెడర్లే పరిశోధనశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకీ, రక్తహీనతకూ అది మందైంది. 'ఫోలిక్' అన్న పేరు లాటిన్‌లో ఆకుకున్న పేరు నుంచి వచ్చింది. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసినవాళ్ళు పెట్టిన పేరది. గర్భిణికి ఇవాళ తప్పకుండా ఇచ్చే ఆ బిళ్ళ మొదట ఉన్నది ఆకులో. ఆ ఆకును బిళ్ళగా మార్చినవాడు ఈ డెల్టా బిడ్డ. అయినా ఆకులో ఆ ఒక్క పదార్థమే కాదు, పీచూ ఉంది, నీరూ ఉంది. అవి కడుపు నింపుతాయి. బిళ్ళ కడుపు నింపదు.

కూరగాయలు గిట్టకపోవడం మొండితనం కాదన్నదానికి శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పరిశోధనశాలలో ఒక పొడి గాలిలోకి లేస్తే పక్కనున్నతను చేదన్నాడు, ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. చేదు అందరికీ ఒకేలా తగలదని అలా బయటపడింది. దానికి కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కాకరకాయను ఒకరు ఇష్టంగా తింటూ ఉంటే పక్కనున్నవాడు మొహం తిప్పుకోవడం నాలుకల తేడా. పిల్లలకు కొత్త రుచి నచ్చాలంటే పది పదిహేనుసార్లు నాలుకకు తగలాలని ఆహారపు అలవాట్ల మీద పనిచేసినవాళ్ళు చెబుతారు. తిట్టి పెడితే ఆ లెక్క పూర్తికాదు. ఇష్టమైన రుచితో కలిపి పెడితే పూర్తవుతుంది. కలగలుపు కూర తరతరాలుగా చేసిన పని అదే. ఏటా కార్తీకమాసం మరో దారిలో ఆ లెక్కను పెంచుతుంది. నెలరోజులు నీసు మానేసిన ఇళ్ళలో కంద బచ్చలి, పనసపొట్టు వంటివి ఇష్టం లేనివాడి కంచంలోకి కూడా వస్తాయి.

విచిత్రం ఏమిటంటే, రాష్ట్రంలో కూరగాయల చదువుకు కేంద్రం ఈ నీసు సీమలోనే ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టారు. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చే ఉల్లిపాయల లారీలు దిగే పెద్ద మార్కెట్టూ తాడేపల్లిగూడెమే. ఆ ఉల్లిపాయలూ కోడి కూరలో, చేపల పులుసులో పడతాయి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమన్నారు. ఉత్త కూరగాయలుగా చూస్తే అది కొండంత. కిలో బీరకాయ మూకుడు అడుక్కి దిగడం చూసినవాళ్ళకు అది రెండు గరిటెల కూర.

ఒళ్ళు తగ్గాలనుకుంటూ కూరగాయ ముట్టలేకపోతున్నవాళ్ళు కొత్త పద్ధతి కోసం వెతికేముందు ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిణ్ణి అడగండి. ఏ ఆకు ఏ చేపతో కలుస్తుందో ఆవిడకు తెలుసు. ఈ ఆదివారం చేపల బజారు నుంచి పావుకిలో చిన్న రొయ్యలే తెచ్చుకోండి. దానికి కిలో లేత బీరకాయలు కొనండి. ఉప్పు మాత్రం కాయ దిగాకే వేయండి.